రోల్ ప్లేయింగ్ ఆటల్లో అదృష్టం లెక్క: న్యూ టౌన్ నుంచి ఒక ఆటగాడి అనుభవాలు

"ఇంకొక్కసారి మామయ్యా. ఇప్పటికి నూట ఎనభై సార్లు లాగాను. ఇంక రాక తప్పదు."

మా మేనల్లుడు ఈ మాట అన్నది గత మే నెలలో, కోల్‌కతా పక్కన న్యూ టౌన్‌లోని మా ఫ్లాటులో. బయట కాలబైశాఖి గాలివాన మొదలైంది. కిటికీలు మూయడానికి గదిలోకి వెళ్తే మంచం మీద ఫోను పట్టుకుని కూర్చుని ఉన్నాడు. వాడు విశాఖలో ఇంజనీరింగ్ రెండో ఏడు చదువుతున్నాడు. సెలవులకు వచ్చి, ఇకో పార్క్ ఒకసారి చూసి, మిగతా వారమంతా ఫోనులోనే గడిపాడు. ఆడుతున్నది ఒక రోల్ ప్లేయింగ్ ఆట. అందులో ఒక అరుదైన యోధురాలి కోసం పెట్టెలు తెరుస్తున్నాడు. ఒక్కో పెట్టెకు సుమారు 60 రూపాయలు. నూట ఎనభై పెట్టెలంటే 10,800 రూపాయలు. వాళ్ల నాన్న పరీక్ష ఫీజుకూ మెస్ బిల్లుకూ పంపిన డబ్బు అది.

తిట్టడానికే నోరు తెరిచాను. కానీ వాడికి పదేళ్ల వయసులో ఈ రకం ఆటలు అలవాటు చేసింది నేనే. "ఇంక రాక తప్పదు" అనే నమ్మకం వాడికి ఎక్కడ పట్టుకుందా అని వెతికితే, నేను ఇరవై ఏళ్లుగా ఇష్టంగా ఆడుతున్న ఆటల్లోనే దాని జాడ కనిపించింది. అందుకే ఆ ఆటల సంగతీ, వాటి లోపల నడిచే లెక్క సంగతీ ఇక్కడ చెబుతున్నాను.

అష్టాచెమ్మ నుంచి ఇరవై ముఖాల పాచిక దాకా

రోల్ ప్లేయింగ్ ఆటలో మీరు ఒక పాత్ర అవుతారు. ఆ పాత్రకు బలం, చురుకుదనం, తెలివి లాంటి గుణాలు అంకెల్లో ఉంటాయి. తలుపు బద్దలు కొట్టాలన్నా, కాపలావాణ్ణి మాటలతో ఒప్పించాలన్నా ఆ అంకెకు కాస్త అదృష్టాన్ని కలిపి ఫలితం తేలుస్తారు. కంప్యూటర్లు ఇళ్లలోకి రాకముందే, 1974లో, అమెరికాలో గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ అనే ఇద్దరు 'డంజన్స్ అండ్ డ్రాగన్స్' పేరుతో కాగితం, పెన్సిలు, పాచికలతో ఆడే ఆటను అచ్చువేశారు. నేటి వీడియో ఆటల్లో చాలావాటికి పునాది అదే.

అందులో రెండు రకాల అదృష్టం ఉంది. ఇరవై ముఖాల పాచిక ఒకటి. దాన్ని వేస్తే 1 పడే అవకాశం, 10 పడే అవకాశం, 20 పడే అవకాశం, అన్నీ సమానమే, ఒక్కోదానికి 5 శాతం. రెండోది, పాత్రను తయారు చేసేటప్పుడు మామూలు పాచికలు మూడు వేసి కూడటం. ఇక్కడ 18 రావాలంటే మూడూ 6 పడాలి. అది 216 సార్లలో ఒక్కసారి. 10 లేదా 11 మాత్రం ఒక్కోటి 216లో 27 సార్లు వస్తాయి. మొదటిదాన్ని గ్రాఫు గీస్తే చదునైన నేల, రెండోదాన్ని గీస్తే గుట్ట.

మనకు ఈ గుట్ట కొత్త కాదు. అష్టాచెమ్మలో నాలుగు గవ్వలు వేస్తాం. ప్రతి గవ్వ వెల్లకిలా, బోర్లా పడే అవకాశాలు సమానం అనుకుంటే మొత్తం 16 ఫలితాలు. నాలుగూ వెల్లకిలా పడి చెమ్మ వచ్చేది వాటిలో ఒకటే. నాలుగూ బోర్లా పడి అష్ట వచ్చేది కూడా ఒకటే. రెండు వెల్లకిలా, రెండు బోర్లా పడేవి ఆరు. అంటే అష్ట, చెమ్మ ఆ గుట్టకు రెండు అంచులు. (నిజం గవ్వ ఆకారం రెండు వైపులా ఒకలా ఉండదు కాబట్టి అసలు లెక్క కాస్త పక్కకు ఒరుగుతుంది.)

ఈ తేడా ఆటలో ఎంత పనిచేస్తుందో నాకు బాగా తెలిసింది 2019లో వచ్చిన 'డిస్కో ఎలీజియం'తో. అందులో మీరు తాగి ఒళ్లు మరిచిన ఒక డిటెక్టివ్. ఆట మొదట్లోనే సీలింగ్ ఫ్యానుకు చిక్కుకున్న మీ టై తీసుకోవాలి. నా మొదటి పాత్రకు ఒంట్లో సత్తువ లేదు. టై లాగబోయి గుండె ఆగి చచ్చిపోయాను. నేరస్థుడి దాకా వెళ్లకుండా టైతోనే ఆట ముగిసిన డిటెక్టివ్‌ని నేను!

ఆ ఆట వాడేది రెండు మామూలు పాచికల మొత్తం. 36 ఫలితాల గుట్ట. మీ నైపుణ్యం పోగా పాచికల్లో ఇంకా 8 రావాలంటే అవకాశం 36లో 15, అంటే సుమారు 42 శాతం. ఒక్క పాయింటు పెంచుకుని అవసరాన్ని 7కి దించితే అది 58 శాతం. ఒకే పాయింటుకు 16 శాతం పైగా లాభం. కానీ 12 కావాల్సిన చోట అదే పాయింటు పెంచితే 3 శాతం కాస్తా 8 అవుతుంది, అంతే. అందుకే అసాధ్యమైన పనుల మీద పాయింట్లు పోయకుండా అయ్యీ కానట్టున్న పనుల మీద పెట్టడం మేలు. ఇంకో ముచ్చట కూడా ఉంది. రెండు ఆర్లు పడితే ఏ పనైనా జరుగుతుంది, రెండు ఒకట్లు పడితే ఎంత సులువైనదైనా చెడుతుంది. 36లో 1 అంటే దాదాపు 3 శాతం కాబట్టి తెర మీద 97 శాతానికి మించి ఎప్పుడూ కనిపించదు. నూటికి నూరు లేదు అని ముందే చెప్పే ఆట అది. ఓడిపోయినా కథ ఆగదు, ఇంకో దారి పడుతుంది, చాలాసార్లు గెలుపు కన్నా తమాషాగా. ఓటమిని ఇంత ఇష్టపడేలా చేసిన ఆట నేను ఇంకొకటి ఆడలేదు.

కత్తి తగిలింది, దెబ్బ తగల్లేదు

దీనికి పూర్తిగా ఎదురు 'మొరోవిండ్'. 2002లో వచ్చింది. ఓడ దిగి ఊళ్లోకి వెళ్తారు, దారిలో ఒక పీత ఎదురొస్తుంది. కత్తి దూస్తారు. కత్తి పీత ఒంట్లోంచి వెళ్లడం కళ్లారా చూస్తారు. దెబ్బ మాత్రం తగల్లేదు అంటుంది ఆట. పదిసార్లు ఇలా జరిగాక చాలామంది మానేశారు. నేనూ మొదటిసారి మానేశాను.

తరువాత తెలిసిన లెక్క ఇది. కత్తి నైపుణ్యానికి చురుకుదనంలో అయిదో వంతు, అదృష్టంలో పదో వంతు కలుపుతారు. నైపుణ్యం 30, చురుకుదనం 40, అదృష్టం 40 అయితే మొత్తం 42. దీన్ని అలసటతో గుణిస్తారు. అలసట లేకపోతే ఒకటింబావుతో, పూర్తిగా అలిసిపోతే ముప్పావుతో. అంటే తాజాగా ఉన్నవాడికి దాదాపు 52 శాతం, అలిసినవాడికి 31 శాతం. శత్రువు తప్పించుకునే నేర్పును ఇంకా తీసేయాలి. కొత్త ఆటగాడు ఏం చేస్తాడు? ఊరి నుంచి ఊరికి పరిగెత్తుతాడు. పరుగుతో అలసట. ఆయాసపడుతూ పీత ముందు నిలబడి, నూటికి డెబ్బై సార్లు గాలిని నరుకుతాడు.

కాగితం మీద ఆడేటప్పుడు ఇదే లెక్క ఎవరికీ కష్టం అనిపించలేదు. పాచిక తక్కువ పడితే "పీత పక్కకు జరిగింది" అని మనసే బొమ్మ గీసుకునేది. తెర మీద బొమ్మ వచ్చాక కన్ను ఒకటి చెబుతుంది, అంకె ఇంకొకటి చెబుతుంది. ఆ రెండింట్లో మనం కన్నునే నమ్ముతాం. 2006లో అదే వరుసలో వచ్చిన 'అబ్లివియన్' ఈ పాచికను తీసేసింది. కత్తి తగిలితే దెబ్బ తగిలినట్టే. కానీ మీరు ఎదిగేకొద్దీ శత్రువులూ ఎదుగుతారని పెట్టింది. దాంతో దారి దోపిడీ దొంగలు సైతం రాజుల దగ్గరైనా ఉండని కవచాలు తొడుక్కుని వంద నాణేల కోసం నా మీద పడ్డారు. పాచిక లేకపోవడం బాగుంది, ఎదుగుదల రుచి మాత్రం పోయింది.

యంత్రం పాచిక ఎలా వేస్తుంది?

కంప్యూటర్ చెప్పినట్టు చేసే యంత్రం. దాని చేత "ఏదో ఒకటి" అనిపించడం ఎలా? ఇక్కడ నా గురువు 'పోకేమాన్ ఎమరాల్డ్', 2004 నాటి చేతి పరికరం ఆట.

అది వాడిన పద్ధతి చాలా మామూలుది. చేతిలో ఉన్న సంఖ్యను 110,35,15,245తో గుణించు, 24,691 కలుపు, వచ్చినదాన్ని 429,49,67,296తో భాగించి శేషం తీసుకో. అదే కొత్త సంఖ్య. మళ్లీ దాన్నే గుణించు. ఇలా వచ్చే వరుస చూపులకు చిందరవందరగా ఉంటుంది. కానీ ఇందులో అదృష్టం రవ్వంత కూడా లేదు. మొదటి సంఖ్య ఏదో తెలిస్తే చివరి దాకా అన్నీ తెలిసినట్టే. అందుకే వీటిని మిథ్యా యాదృచ్ఛిక సంఖ్యలు అంటారు. మొదటి సంఖ్యను విత్తు అంటారు.

మంచి ఆట విత్తును గడియారం నుంచో, ఆటగాడు మీట నొక్కిన క్షణం నుంచో తీసుకుంటుంది. ఎమరాల్డ్‌లో పొరపాటున ప్రతిసారీ విత్తు సున్నాతోనే మొదలయ్యేది. సెకనుకు సుమారు 60 సార్లు వరుస ముందుకు జరుగుతుంది. ఇది కనిపెట్టిన ఆటగాళ్లు స్టాప్‌వాచ్ పెట్టుకుని, సరైన క్షణంలో మీట నొక్కి, 8,192లో ఒక్కసారి మాత్రమే రావాల్సిన మెరిసే పోకేమాన్‌ను కావాలన్నప్పుడు పిలిపించుకున్నారు. నేనూ ఒక ఆదివారం అంతా ప్రయత్నించి సాధించాను. అది దొరికాక ఆట మీద ఆసక్తి సగం చచ్చిపోయింది.

అన్నట్టు, 8,192లో ఒకటి అంటే 8,192 సార్లు చూస్తే తప్పక ఒకటి కనిపిస్తుందని కాదు. అన్నిసార్లు చూసినా ఒక్కటీ కనిపించని అవకాశం దాదాపు 37 శాతం. మా మేనల్లుడి కథలో ఈ అంకె మళ్లీ వస్తుంది.

బరానగర్‌లో అదృష్టానికి పట్టిక

న్యూ టౌన్‌లో ఉండి యాదృచ్ఛిక సంఖ్యల గురించి రాస్తూ బరానగర్ ఊసెత్తకుండా ఉండలేను. నగరానికి ఉత్తరాన ఉన్న ఆ చోటే ప్రశాంత చంద్ర మహలనోబిస్ 1931లో స్థాపించిన ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్ ఉంది. బెంగాల్‌లో జనపనార ఎంత పండిందో తెలుసుకోవడానికి ప్రతి పొలం కొలవనక్కరలేదు, యాదృచ్ఛికంగా ఎంచుకున్న కొన్ని పొలాలు కొలిస్తే చాలని ఆయన బృందం 1930ల చివర్లో సర్వేలు చేసి చూపించింది. "యాదృచ్ఛికంగా" అన్నదే అక్కడ ప్రాణం. మనిషి ఎంచుకుంటే రోడ్డు పక్క పొలమో, పచ్చగా కనిపించిందో ఎంచుకుంటాడు. కంప్యూటర్లు లేని ఆ కాలంలో గణాంక శాస్త్రవేత్తల దగ్గర అదృష్టానికి అచ్చు పుస్తకాలు ఉండేవి. 1927లో టిపెట్ అనే బ్రిటిష్ శాస్త్రవేత్త జనాభా లెక్కల నివేదికల్లోంచి అంకెలు ఏరి 41,600 అంకెల పట్టిక ప్రచురించాడు. పోకేమాన్‌లోని ఆ గుణకారం చేసే పనే, పుస్తకం పేజీలు తిప్పుతూ చేసేవారు.

ఈ సంస్థకే 1941లో ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గణితం చదివిన ఇరవై ఏళ్ల తెలుగు యువకుడు వచ్చి చేరాడు. ఆయనే సి.ఆర్. రావు. నాలుగేళ్లకు, 1945లో, కలకత్తా మ్యాథమెటికల్ సొసైటీ పత్రికలో రాసిన ఒక్క వ్యాసంతో ప్రపంచ గణాంక శాస్త్రంలో పేరు నిలిచిపోయింది. మన దగ్గరున్న సమాచారంతో ఒక అంచనా ఎంత కచ్చితంగా ఉండగలదో, దానికి మించి ఎవరూ ఎందుకు పోలేరో చెప్పే క్రామర్-రావు హద్దు అందులోదే. 2023లో గణాంక శాస్త్రంలో అంతర్జాతీయ బహుమతి అందుకుని, అదే ఏడాది ఆగస్టులో 102 ఏళ్ల వయసులో కన్నుమూశారు.

పాచికకూ అంచనాకూ ఉన్న ఈ చుట్టరికం మన కథల్లో ఇంకా పాతది. మహాభారతంలో నలుడు జూదంలో రాజ్యం పోగొట్టుకుని, బాహుకుడనే మారుపేరుతో ఋతుపర్ణుడి దగ్గర సారథిగా చేరతాడు. దారిలో ఒక తానిచెట్టును చూసి ఋతుపర్ణుడు దాని ఆకులు, కాయలు ఎన్నో చెప్పేస్తాడు. నలుడు రథం ఆపి లెక్కపెడితే సరిపోతుంది. ఎలా తెలిసిందంటే, తనకు అక్షహృదయం, అంటే పాచికల రహస్యం తెలుసు అంటాడు. ఆ కాలపు పాచికలు తానికాయలే. సంభావ్యత చరిత్ర రాసిన ఇయాన్ హ్యాకింగ్ 1975 నాటి పుస్తకంలో ఈ కథను ప్రస్తావించాడు. జూదం తెలిసినవాడికే నమూనా చూసి లెక్క కట్టడం తెలుస్తుందని ఆ కథకుడు అనుకోవడం నాకు ఆశ్చర్యం.

ఆటలు చెప్పే తియ్యని అబద్ధం

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. ఒక కాగితం మీద 200 సార్లు నాణెం ఎగరేసినట్టు ఊహించి బొమ్మ, బొరుసు రాయండి. తరువాత నిజంగా 200 సార్లు ఎగరేసి రాయండి. నిజం కాగితంలో వరుసగా ఆరు బొమ్మలో, ఆరు బొరుసులో ఎక్కడో ఒకచోట కనిపించే అవకాశం 95 శాతానికి పైనే. ఊహించి రాసినదాంట్లో అంత పొడుగు వరుస రాయడానికి చెయ్యి వెనకాడుతుంది. నాలుగు బొమ్మలు రాయగానే "ఇంక బొరుసు రాయాలి" అనిపిస్తుంది. ఎమోస్ ట్వెర్స్కీ, డేనియల్ కానెమన్ 1971లో రాసిన ఒక వ్యాసంలో, పెద్ద సంఖ్యలకు మాత్రమే వర్తించే సమతూకాన్ని మనం చిన్న సంఖ్యల్లోనూ ఆశిస్తామని చూపించారు. చదువుకున్న శాస్త్రవేత్తలు కూడా ఆ పొరపాటే చేస్తున్నారని వాళ్లు గమనించారు.

ఆటలు తయారు చేసేవాళ్లకు ఇది బాగా తెలుసు. 'సివిలైజేషన్' ఆటల సృష్టికర్త సిడ్ మీయర్ 2010లో ఒక ప్రసంగంలో దీని గురించే మాట్లాడారు. మూడుకు ఒకటి బలం ఉన్న యుద్ధంలో ఆటగాడు ఓడితే ఆట మోసం చేసిందంటాడు. నాలుగిట్లో ఒకసారి ఓడటం ఆ లెక్కలోనే ఉందని ఒప్పుకోడు. అదే తక్కువ బలంతో తాను గెలిస్తే మాత్రం ఫిర్యాదు ఉండదు. చివరికి ఆటగాడి మనసుకు తగ్గట్టు లెక్కనే సర్దాల్సి వచ్చిందట.

జపాన్ ఆట 'ఫైర్ ఎంబ్లమ్'ది ఇంకా తెలివైన సర్దుబాటు. తెర మీద "90 శాతం" అని చూపిస్తుంది. లోపల మాత్రం ఒక సంఖ్య బదులు రెండు తీసి వాటి సగటు చూస్తుంది. రెండింటి సగటు అంటే మళ్లీ మన గుట్టే, మధ్యకు చేరుతుంది. దాంతో 90 అని చూపినది నిజానికి 98 శాతం. 70 అన్నది 82. శత్రువుకు చూపే 30 శాతం నిజానికి 18. ఆటగాడి వీరులకు పెద్ద అంకెలు, శత్రువులకు చిన్న అంకెలు ఉంటాయి కాబట్టి రెండు వైపులా లాభం మనకే. 2002 నుంచి ఈ వరుసలోని పలు ఆటలు ఇలాగే చేశాయి. నేను ఏళ్లపాటు ఆడాను, ఒక్కసారీ అనుమానం రాలేదు. "90 అంటే ఇలాగే ఉంటుంది" అని నా చేతులకు అలవాటైపోయింది. తరువాత నిజాయతీగా 90 శాతమే ఇచ్చే ఆట ఆడితే, పదిలో ఒకసారి గురి తప్పినందుకు దాన్ని తిట్టుకున్నాను. ఫోనులో వాతావరణం యాప్ "30 శాతం వాన" అంటే గొడుగు లేకుండా వెళ్లి, తడిసి, యాప్‌ను తిట్టేదీ ఇందుకే. అది చెప్పినట్టే పదిలో మూడు రోజులు వాన పడితే దాని మాట సరైనదే.

2023లో వచ్చిన 'బాల్డర్స్ గేట్ 3'లో ఇరవై ముఖాల పాచిక తెర మీదే దొర్లుతుంది. చూడముచ్చటగా ఉంటుంది. అందులో 'కర్మ పాచికలు' అనే ఏర్పాటు ఉంది, మనం ఆపకపోతే అది పనిచేస్తూనే ఉంటుంది. వరుసగా చెడ్డవి పడుతుంటే కాస్త సర్దుతుంది. పాచికకు జ్ఞాపకం ఉండదని గణితం చెబుతుంది. ఇక్కడ ఉంటుంది. నేను దాన్ని ఆపేసి ఆడాను. వరుసగా నాలుగుసార్లు 5 లోపు పడిన రాత్రి మళ్లీ పెట్టుకుందామా అనిపించిందని ఒప్పుకోవాలి.

ఇవన్నీ డబ్బు అడగని అబద్ధాలు. ఆట కొనుక్కున్నాక ఎన్నిసార్లు ఓడినా జేబు ఖాళీ కాదు. కానీ ఈ ఆటలన్నీ కలిసి మాకు నేర్పింది ఒకటే: చాలాసార్లు ఓడితే, తరువాతిది మనదే.

ఎదుగుదల, ఎదురుచూపు

ఇంకో పాఠం కూడా వాటితోపాటే వచ్చింది. పోకేమాన్‌లో ఒక వర్గం జీవులకు ఏ స్థాయి చేరాలన్నా కావాల్సిన అనుభవం ఆ స్థాయి ఘనం. 50వ స్థాయికి 1,25,000 పాయింట్లు, 100వ స్థాయికి 10 లక్షలు. అంటే స్థాయి సగానికి వచ్చినా ప్రయాణం ఎనిమిదో వంతే అయింది. మొదటి గంటలో ఎదుగుదల జల్లులా కురుస్తుంది. తరువాత చినుకు చినుకుగా మారుతుంది. మొదటి గంట రుచి మరిగినవాడు దానికోసం తరువాత వంద గంటలు ఆడతాడు.

1996లో వచ్చిన 'డయాబ్లో' ఎదురుచూపునే ఆటగా మార్చింది. రాక్షసుణ్ణి చంపితే ఏదో రాలుతుంది. ఏం రాలుతుందో తెలియదు. నా కాలేజీ రోజుల్లో రెండో భాగంతో ఎన్ని రాత్రులు పోయాయో లెక్కలేదు. ఒక్క కత్తి పేరు కూడా ఇప్పుడు గుర్తు లేదు. అదే 2015 నాటి 'విచర్ 3'లో ఒక చెట్టు కింద చిక్కుకున్న ఆత్మను విడిపించాలా వద్దా అని నేను తీసుకున్న నిర్ణయం, చాలా గంటల తరువాత ఒక కుటుంబాన్ని ఏం చేసిందో ఇప్పటికీ మరిచిపోలేదు. అందులో పాచిక లేదు.

డయాబ్లో ఎందుకు అంత పట్టేసింది? ఫెర్‌స్టర్, స్కిన్నర్ 1957లో ప్రచురించిన ప్రయోగాల్లో, పావురం ఎన్నిసార్లు పొడిస్తే గింజ వస్తుందో స్థిరంగా ఉన్నప్పటి కన్నా, ఆ సంఖ్య మారుతూ ఉన్నప్పుడు అది ఆగకుండా పొడిచింది. తరువాత వోల్‌ఫ్రామ్ షుల్ట్స్ బృందం కోతుల మెదళ్లలో డోపమైన్ కణాలను గమనించింది. రసం చుక్క ఊహించకుండా వస్తే ఆ కణాలు చెలరేగాయి. ముందే తెలిసిన చుక్కకు స్పందన లేదు. రావాల్సింది రాకపోతే మామూలు కన్నా తగ్గాయి. 2003లో వాళ్లే ఇంకొకటి చూపించారు: బహుమతి వచ్చే అవకాశం సరిగ్గా సగం సగం ఉన్నప్పుడు, ఎదురుచూస్తున్న ఆ కొద్ది క్షణాల్లో కణాల చురుకుదనం పెరుగుతూ పోయి అత్యధికంగా ఉంది. పెట్టె తెరుచుకునే ముందు తెర మీద రెండు సెకన్లు వెలుగులు ఎందుకు మెరుస్తాయో ఇప్పుడు ఊహించవచ్చు.

నూట ఎనభై ఒకటో పెట్టె

మా వాడు ఆడుతున్న ఆటలో ఆ యోధురాలు వచ్చే అవకాశం ఒక శాతం అని లోపలెక్కడో చిన్న అక్షరాల్లో రాసి ఉంది. చూపించాను. "ఒక శాతం అంటే వందకి ఒకటి కదా, నాకు రెండు రావాలి" అన్నాడు.

కాగితం తీసి రాశాం. ఒక్కసారి రాకపోయే అవకాశం 0.99. వందసార్లూ రాకపోవడం అంటే 0.99ని వందసార్లు గుణించాలి, సుమారు 37 శాతం. ఎమరాల్డ్ అంకెకు తోడబుట్టినదే. నూట ఎనభై సార్లూ రాకపోవడం 16 శాతం. అంటే వాడిలా 180 పెట్టెలు తెరిచిన ప్రతి వందమందిలో పదహారుమంది ఖాళీ చేతులతో ఉంటారు. వాడు దురదృష్టవంతుడేమీ కాదు, ఆరుగురిలో ఒకడు. నూట ఎనభై ఒకటో పెట్టెలో ఆమె ఉండే అవకాశం? మొదటి పెట్టెలో ఎంతో అంతే, ఒక శాతం.

వాడు నమ్మలేదు. ఇంకో ఆటలో తొంభై పెట్టెల తరువాత ఖాయంగా ఇస్తారని వాదించాడు. నిజమే, అలాంటి హామీ ఉన్న ఆటలు ఉన్నాయి. అక్కడ పెట్టెకు జ్ఞాపకం ఉంది, ఇక్కడ లేదు. తెర మీద రెండూ ఒకేలా మెరుస్తాయి.

పక్క గదిలోంచి మా అమ్మ అంతా వింటోంది. శ్రీకాకుళం నుంచి వచ్చేటప్పుడు గవ్వల సంచి తెచ్చుకునే మనిషి. "నిన్న పడ్లేదని ఇయాల పడాలని గవ్వకి ఎవులు సెప్తార్రా?" అంది. సంభావ్యత పుస్తకాలు స్వతంత్ర ఘటనలు అనే అధ్యాయంలో చెప్పేది ఇదే.

ఈ పెట్టెల మీద దేశాలు తలో దారిలో స్పందించాయి. ఒక జట్టు బొమ్మలన్నీ పూర్తిచేస్తేనే బహుమతి అనే పద్ధతిని జపాన్ 2012లో ఆపింది. అవకాశాల శాతాలు బయటపెట్టాలని చైనా 2017లో నియమం పెట్టింది. డబ్బు పెట్టి తెరిచే ఇలాంటి పెట్టెలు జూదం చట్టం కిందికి వస్తాయని బెల్జియం 2018లో తేల్చింది. 2025 ఆగస్టులో మన పార్లమెంటు ఆమోదించిన చట్టం గురిపెట్టింది డబ్బు పెట్టి, డబ్బు గెలవాలని ఆడే ఆటల మీద. బొమ్మ యోధురాలు మాత్రమే దొరికే పెట్టెలో డబ్బు గెలిచేదేమీ ఉండదు, పోయేదే ఉంటుంది. శాతం రాసి ఉంటే చాలా అన్నది నా సందేహం. మా వాడి ఆటలో రాసే ఉంది. వాడు ఇంజనీరింగ్ గణితంలో సంభావ్యత పాసయ్యాడు కూడా.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో ఆమోదించి 2022 జనవరి నుంచి అమల్లోకి తెచ్చిన వ్యాధుల వర్గీకరణలో ఆటల రుగ్మతను చేర్చింది. ఆట మీద అదుపు పోవడం, మిగతా పనులన్నిటికన్నా అదే ముఖ్యం కావడం, నష్టం కళ్లెదుట ఉన్నా ఆగకపోవడం, ఇవి సాధారణంగా 12 నెలల పాటు కనిపిస్తేనే ఆ పేరు పెడతారు. ఎక్కువ సేపు ఆడే ప్రతి పిల్లవాడికీ అంటించే ముద్ర కాదు. మా వాడిది ఆ దాకా వెళ్లలేదని నా అంచనా. అనుమానం ఉన్నవాళ్లు కేంద్ర ప్రభుత్వ టెలీ మానస్ సేవకు 14416లో ఫోను చేసి మాట్లాడవచ్చు.

ఆ సాయంత్రం కరెంటు పోయింది. అమ్మ నేల మీద సుద్దతో గళ్లు గీసింది. ముగ్గురం అష్టాచెమ్మకు కూర్చున్నాం. వాడు మొదట ఫోను వెలుగులో విసుగ్గా గవ్వలు వేశాడు. కాసేపటికి పుస్తకం తెచ్చి ప్రతిసారీ ఎన్ని వెల్లకిలా పడ్డాయో రాయడం మొదలుపెట్టాడు. రాత్రి పదింటికి కరెంటు వచ్చినా ఆపలేదు. "మామయ్యా, ఈ గవ్వలు సగం సగం పడట్లేదు. అమ్మమ్మకి ముందే తెలుసనుకుంటా" అన్నాడు. అమ్మ మాట్లాడకుండా తన కాయను పండించుకుంది.

మర్నాడు పొద్దున్నే వాళ్ల నాన్నకు వాడే ఫోను చేసి చెప్పాడు. పరీక్ష ఫీజు నేను కట్టాను. నెలకు వెయ్యి చొప్పున తిరిగి పంపిస్తానన్నాడు. ఇప్పటికి నాలుగు నెలలు పంపాడు.